ఆయకట్టు చివరి పట్టభద్రులు

వరి కోతలు మొదలైతే సిరవార చుట్టుపక్కల బియ్యం మిల్లుల ముందు రెండు వరుసలు కనిపిస్తాయి. ఒకటి ధాన్యం లారీలది. రెండోది ఆ ఏడే డిగ్రీ పట్టా చేతికొచ్చిన కుర్రాళ్లది. లారీలకు కాటా దగ్గర తూకం తప్పదు. కుర్రాళ్ల తూకం మాత్రం మిల్లు యజమాని ఒకటి రెండు ప్రశ్నలతోనే తేల్చేస్తాడు. ‘అబ్బాయ్, ఇరవై శాతం తేమ ఉన్న ధాన్యం వంద కిలోలు దించాం. పదిహేడుకు ఆరబెడితే ఎంత మిగులుతుందిరా?’ అని అడిగాడనుకోండి. బీకాం ఫస్ట్ క్లాసులో గట్టెక్కిన కుర్రాడు తడుముకోకుండా ‘తొంభై ఏడు కిలోలండీ’ అంటాడు. ఇరవైలోంచి పదిహేడు పోతే మూడే కదా! లెక్క అలా రాదు. వంద కిలోల్లో నీరు పోగా ఉన్న గింజ ఎనభై కిలోలు. ఆరిన తర్వాత మొత్తం బరువులో నూటికి 83 పాళ్లు ఆ గింజే ఉండాలి. కాబట్టి మిగిలేది 96.4 కిలోలు. అరకిలో పైచిలుకు తేడాకు ఇంత రాద్ధాంతమా అనిపించొచ్చు. ఇరవై టన్నుల లోడు మీద అది 120 కిలోలు దాటుతుంది. మిల్లుకు లాభమో, రైతుకు నష్టమో తేల్చేది ఆ ముక్కే.

రెండో ప్రశ్న బియ్యం సంచి మీద. బజారులో 25 కిలోల సంచి పక్కన 26 కిలోల సంచి ఎందుకు పుట్టుకొచ్చింది? 2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి, లేబుల్ వేసిన 25 కిలోల లోపు బియ్యం సంచులపై కేంద్రం ఐదు శాతం జీఎస్టీ వేసింది. 25 కిలోలు దాటితే ఆ పన్ను పరిధిలోకి రాదు. ఆ ఒక్క కిలోతో మిల్లులు గీత దాటేశాయి. తప్పో ఒప్పో అటుంచితే, జీఎస్టీ పేపరులో సగం పాఠం ఆ సంచి మీదే ఉంది. ఆ పేపరులో డెబ్బై మార్కులు తెచ్చుకున్న విద్యార్థికి మాత్రం ఇంట్లో వంటగది మూలనున్న సంచికీ, తాను బట్టీపట్టిన నిర్వచనాలకూ చుట్టరికం ఉందని ఎవరూ చెప్పలేదు. చివరకు గుమాస్తా ఉద్యోగం పదో తరగతి తప్పి, ఎనిమిదేళ్లుగా హమాలీల దగ్గర బస్తాల లెక్క రాస్తున్న పిల్లవాడికి దక్కుతుంది. పట్టభద్రుడు ఫైలు చంకన పెట్టుకొని రాయచూరు బస్సెక్కుతాడు.

ఇందులో కుర్రాడిని తప్పుపట్టి లాభం లేదు. అతనికి పాఠం చెప్పిన అధ్యాపకుడినీ అనలేం. పాఠ్యప్రణాళిక ఎక్కడ తయారవుతోంది, దాంతో బతకాల్సిన పిల్లలు ఎక్కడ ఉన్నారు అన్న దూరంలోనే అసలు కిటుకంతా ఉంది. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు పైనున్న పొలాలను తడుపుకుంటూ వచ్చి మాన్వి, సిరవార దగ్గరకు చేరేసరికి ఎంత సన్నగిల్లుతాయో ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సిలబస్ కూడా ఆ కాలువ బాటలోనే నడిచింది. రాయచూరు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోది. 1918లో ఉర్దూ బోధనా భాషగా పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయమే అప్పట్లో పై చదువులకు దిక్కు. రాష్ట్రాలు మారాక ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం వైపు చూడాల్సి వచ్చింది. 1980 నుంచి గుల్బర్గా విశ్వవిద్యాలయం. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలకు 2020-21లో రాయచూరు, యాదగిరి జిల్లాలను విడదీసి యరగేర కేంద్రంగా కొత్త విశ్వవిద్యాలయం పెట్టారు. దానికి తర్వాత ఆదికవి మహర్షి వాల్మీకి పేరు పెట్టారు. ఎట్టకేలకు సిలబస్ రాసే బల్ల జిల్లాలోకి వచ్చింది. బల్ల వచ్చింది సరే, బల్ల చుట్టూ ఎవరు కూర్చుంటున్నారన్నది ఇంకా అడగాల్సిన ప్రశ్నే.

అసలు కొత్త విశ్వవిద్యాలయానికి ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు ఏలినవారు. 2021-22లో జాతీయ విద్యా విధానాన్ని దేశంలో అందరికంటే ముందు తామే అమలు చేస్తున్నామని కర్ణాటక ప్రభుత్వం చెప్పుకొంది. నాలుగేళ్ల ఆనర్స్ అన్నారు. ఏ ఏడాదికి ఆ ఏడాది బయటకు వెళ్లిపోవచ్చు, మళ్లీ రావచ్చు అన్నారు. ఓపెన్ ఎలెక్టివ్‌లు, నైపుణ్య పేపర్లు, ‘డిజిటల్ ఫ్లుయెన్సీ’ అంటూ కొత్త పేర్లు నోటీసు బోర్డుల నిండా వచ్చాయి. రెండు బ్యాచ్‌లు చేరాయో లేదో ప్రభుత్వం మారింది. సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన రాష్ట్ర విద్యా విధాన కమిషన్ వేశారు. దాని మధ్యంతర నివేదిక ఆధారంగా 2024-25 నుంచి డిగ్రీ మళ్లీ మూడేళ్లకు వచ్చింది. కమిషన్ తుది నివేదిక 2025 ఆగస్టులో గానీ అందలేదు. అప్పటికే చేరినవారు పాత పద్ధతిలోనే కొనసాగారు. దాంతో ఒకే కాలేజీలో, ఒకే వరండాలో, సీనియర్లది ఒక లోకం, జూనియర్లది మరో లోకం అయింది. పాత పుస్తకం జూనియర్‌కు అమ్ముకునే వీల్లేదు. ఏ పేపరు ఎవరికో తేల్చుకోవడానికే అధ్యాపకులకు సగం సెమిస్టర్ గడిచిపోయింది.

మూడేళ్లు మేలా, నాలుగేళ్లు మేలా అన్న చర్చకు బెంగళూరులో ఎంత విలువుందో గానీ, సిరవార పిల్లలకు అది అరకొర ప్రశ్న. ఇంట్లో రెండెకరాల కౌలు, పైన అప్పు ఉన్న కుటుంబానికి నాలుగో ఏడాది అంటే ఇంకో ఏడాది బస్సు పాసు, ఇంకో ఏడాది కూలి నష్టం. ఆ మాటకొస్తే మూడేళ్లకు తగ్గించడం వారికి కాస్త ఊరటే. కానీ సీసా మార్చారు తప్ప లోపలి సరుకు మారిందా? అదే బీకాం, అవే ‘లఘు ప్రశ్నలు’, అదే గైడు. పరీక్ష ముందు వారం రోజుల చదువు, పరీక్ష తర్వాత వారం రోజుల్లో మరుపు. ప్రభుత్వాలు సంవత్సరాల సంఖ్యతో కుస్తీ పడుతున్నంత కాలం పేపరు లోపల ఏముందో చూసే తీరిక ఎవరికీ ఉండదు.

పేపరు లోపల ఏముండాలో నిర్ణయించేది బోర్డ్ ఆఫ్ స్టడీస్. సబ్జెక్టుకొకటి చొప్పున విశ్వవిద్యాలయంలో ఈ మండళ్లు ఉంటాయి. వాటిలో ప్రధానంగా అధ్యాపకులే కూర్చుంటారు. వారు రాసిన సిలబస్‌లో అనుబంధ కళాశాల అధ్యాపకుడు ఒక్క వాక్యం మార్చలేడు. ‘మా ఊళ్లో మిల్లులున్నాయి, ఈ యూనిట్‌లో ధాన్యం సేకరణ లెక్కలు పెడదామండీ’ అని ఎవరితో అంటాడు? స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలైతే పరిస్థితి వేరు. వాటి సబ్జెక్టు మండలిలో పరిశ్రమ నుంచి ఒక ప్రతినిధి తప్పక ఉండాలని యూజీసీ నిబంధన పెట్టింది. పెద్ద ఊళ్లలోని పేరున్న కాలేజీలకు ఆ హోదా దక్కుతుంది. తాలూకా కేంద్రాల్లోని కాలేజీలు అనుబంధ కాలేజీలుగానే మిగిలిపోతాయి. కంపెనీలు ఎక్కువున్నచోట కంపెనీ మాట వినే ఏర్పాటు ఉంది. పని వెతుక్కోవాల్సిన చోట అదీ లేదు. ఇంతకంటే విడ్డూరం ఏముంటుంది?

పని లేదనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. 2018లో తాలూకా కేంద్రమైన సిరవార చుట్టూ, కాస్త దూరంలో సింధనూరు, మాన్వి వైపూ చూస్తే వరి ఉంది, మిల్లులున్నాయి, పత్తి ఉంది, ఎరువుల దుకాణాలు, విత్తన కంపెనీల డీలర్లు, సహకార సంఘాలు, బ్యాంకులు ఉన్నాయి. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి క్యాంపులు వేసుకున్న తెలుగు రైతులు ఈ నేలను మాగాణి చేసినవారిలో ఉన్నారు. వారి మనవళ్లు, మనవరాళ్లే ఇప్పుడు డిగ్రీ చదువుతున్నది. మిల్లుకూ మార్కెట్ యార్డుకూ మధ్యే పుట్టి పెరిగారు. తరగతి గదిలో మాత్రం ఆ మాటే వినపడదు.

కెమిస్ట్రీ చదివే బీఎస్సీ విద్యార్థినే తీసుకోండి. ధాన్యం సేకరణలో తేమ 17 శాతం మించకూడదు. పత్తి తేమ 8 శాతం దాటితే భారత పత్తి సంస్థ ధర తగ్గిస్తుంది, 12 దాటితే అసలు కొనదు. మార్కెట్ యార్డులో రైతుకూ కొనుగోలుదారుకూ జరిగే తగువుల్లో చాలావాటికి మూలం చేతిలో ఇమిడే ఆ తేమ మీటరే. అది ఎలా పనిచేస్తుంది, ఎందుకు తప్పు చూపిస్తుంది, ఎలా సరిచేయాలి అన్నవి ఫిజిక్స్, కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కు చక్కగా సరిపోయే అంశాలు. మూడేళ్లు ల్యాబ్‌లో లవణాలు గుర్తించిన విద్యార్థి ఒక్కసారైనా ఆ మీటరు పట్టుకోడు. ప్రభుత్వం ఇచ్చిన ధాన్యాన్ని మిల్లాడించి పచ్చిబియ్యమైతే క్వింటాలుకు 67 కిలోలు అప్పగించాలన్నది నిబంధన. నూక ఎంత పోతుంది, తవుడు ఎంత వస్తుంది, 67 గిట్టుతుందా లేదా అన్నది కాస్ట్ అకౌంటింగ్‌కు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకని లెక్క. పుస్తకంలో మాత్రం ఎక్కడో బొంబాయిలోని ఊహా కంపెనీ కుర్చీలు తయారుచేస్తూ ఉంటుంది.

బీఏ వాళ్ల గురించి మాట్లాడితే చాలామంది పెదవి విరుస్తారు. ఆ డిగ్రీకి ఉద్యోగాలే లేవంటారు. కర్ణాటకలో భూమి పథకం కింద పహాణీలన్నీ కంప్యూటర్‌కెక్కి రెండు దశాబ్దాలు దాటింది. ఎకనామిక్స్, రాజనీతి శాస్త్రం చదివిన ఎంతమంది పట్టభద్రులు పహాణీలోని గడులు చదివి రైతుకు విడమరచి చెప్పగలరు? పంచాయతీ కార్యాచరణ ప్రణాళిక చూసినవారెందరు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీలు జరిగినప్పుడు రికార్డులు, మస్టర్లు చదివి ఊరి నడుమ గ్రామసభలో వినిపించింది ఎక్కువగా పల్లెల్లోని చదువుకున్న యువతే. వారికి అవసరమైంది రాయడం, లెక్క చూడడం, భయపడకుండా అడగడం. బీఏ నేర్పాల్సింది కూడా అవే కదా? ఆ పని వారికి ఏ డిగ్రీ సిలబసూ నేర్పలేదు, కొద్ది రోజుల శిక్షణ నేర్పింది.

ఈ ఖాళీని పూడ్చడానికి విశ్వవిద్యాలయాలు తొక్కిన అడ్డదారి నైపుణ్య పేపరు. పాత సబ్జెక్టును ముట్టుకోకుండా పక్కనే రెండు క్రెడిట్ల ‘స్కిల్’ అతికించడం. కంప్యూటర్ల పేపరుంటుంది, కంప్యూటర్లు సరిపోవు. కృత్రిమ మేధ పరిచయం ఉంటుంది, ఎక్సెల్‌లో ఒక కూడిక సూత్రం వేసిన అనుభవం ఉండదు. పరీక్ష మళ్లీ కాగితం మీదే. ఈత గురించి పది మార్కుల వ్యాసం రాయించి ఈతగాడని పట్టా ఇచ్చినట్లు.

అటు విద్యార్థులు ఊరుకుంటారా? తమ సిలబస్ తామే కొనుక్కుంటున్నారు. సర్కారీ కొలువు కావాలనుకునేవారు ధార్వాడ కోచింగ్ సెంటర్లకు పోతారు. 2013లో అమల్లోకి వచ్చిన 371(జె) అధికరణం కింద ఈ ప్రాంతంలోని ఉద్యోగాల్లో గ్రూప్-సిలో 80 శాతం, గ్రూప్-డిలో 85 శాతం స్థానికులకే. తలుపు తీసే ఉంది. ఆ తలుపు దాటించే పరీక్షకూ, మూడేళ్లు చదివిన డిగ్రీకీ పొంతన లేదు. సాఫ్ట్‌వేర్ మీద ఆశ ఉన్నవారు హైదరాబాద్ అమీర్‌పేట రైలెక్కుతారు. అమీర్‌పేటను చూసి విశ్వవిద్యాలయాలు ముక్కు విరుస్తాయి గానీ అక్కడ ఒక గుణం ఉంది. నేర్పిన దానికి ఉద్యోగం రాకపోతే వచ్చే నెల బ్యాచ్ నిండదు. అందుకే నెలలోనే పాఠం మారుతుంది. అయితే అక్కడ నేర్పేది పనిముట్టును. పనిముట్టు పాతబడితే మనిషీ పాతబడతాడు. 2005లో నాస్కామ్, మెకిన్సే కలిసి మన ఇంజినీరింగ్ పట్టభద్రుల్లో నలుగురిలో ఒక్కరే కొలువుకు పనికొస్తారని చెప్పినప్పుడు దేశం ఉలిక్కిపడింది. 2023-24 ఆర్థిక సర్వే ఉటంకించిన లెక్క ప్రకారం ఉద్యోగానికి తగిన యువత 51.25 శాతం. లెక్కలు కట్టే పద్ధతులు వేరు కాబట్టి పోల్చి మురిసిపోనక్కర్లేదు. ఇద్దరిలో ఒకరు తేలిపోతున్నారన్నది మాత్రం కాదనలేనిది.

నదికి అవతల ఏం జరిగిందో సరిహద్దు పాఠకులకు ఆసక్తే. ఆంధ్రప్రదేశ్ 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు ఊళ్లలో సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత మరో రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం పనిలోనే. ఆలోచన గొప్పది. కర్నూలు, ఆదోని పిల్లలకూ, విశాఖ పిల్లలకూ ఒకే నిబంధన పెడితే వచ్చే తంటా కూడా అందులోనే ఉంది. చేర్చుకునే సంస్థలు లేనిచోట లాగ్‌బుక్ నింపడమే ఇంటర్న్‌షిప్ అయి కూర్చుంటుంది. తెలంగాణ 2024లో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ పెట్టి వేరే దారి పట్టింది. నైపుణ్యానికి విడిగా విశ్వవిద్యాలయం అంటే, మిగతావాటిలో నేర్పేది నైపుణ్యం కాదని ఒప్పుకున్నట్లేనా అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం కష్టమే.

జర్మనీలోని బాడెన్-వుర్టెంబర్గ్‌లో 1974 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. విద్యార్థి మూడు నెలలు కాలేజీలో, మూడు నెలలు కంపెనీలో. ముందు కంపెనీతో ఒప్పందం, ఆ తర్వాతే కాలేజీలో సీటు. జీతం కంపెనీదే. మనవాళ్లు ఇంటర్న్‌షిప్ అన్న పేరు తెచ్చుకున్నారు గానీ యజమాని జేబులోంచి చెల్లించే ఆ భాగాన్ని సౌకర్యంగా మరిచారు. యజమాని డబ్బు పెడితేనే నేర్పాలన్న పట్టుదల పుడుతుంది. లేకపోతే వచ్చిన పిల్లాడిని టీ తేవడానికీ, జిరాక్సులకూ పంపిస్తారు.

ఇక్కడ మిల్లుల యజమానులనూ, వ్యాపారులనూ నాలుగు మాటలు అనక తప్పదు. చదువుకున్నవాళ్లకు ఏమీ రాదని ఎకసెక్కం చేసేవారు, నేర్పడానికి తామేం చేశారో చెప్పాలి. పట్టభద్రులను ఏడాదిపాటు అప్రెంటిస్‌లుగా తీసుకుంటే ఇచ్చే భృతిలో కొంత కేంద్రమే భరించే పథకం ఉంది. దాని పేరు విన్నవారు మన మార్కెట్ యార్డులో ఎందరు? రాతకోతలు పెరుగుతాయని, లెక్కలు బయటపడతాయని జంకు. ఎనిమిదేళ్లుగా బస్తాలు లెక్కరాస్తున్న ఆ పదో తరగతి పిల్లవాడికైనా ఎంత ఇస్తున్నారు? సరిగ్గా లెక్క వచ్చిన పట్టభద్రుడు దొరికినా అదే జీతం చేతిలో పెడితే అతను రెండో నెలలోనే బెంగళూరు బాట పడతాడు. అప్పుడు మాత్రం సిలబస్‌ను నిందించలేరు.

అమ్మాయిల సంగతి ఇంకా చిక్కు. డిగ్రీ తరగతుల్లో ముందు బెంచీలు వాళ్లవే, మార్కులూ వాళ్లవే. ఇంటర్న్‌షిప్ అనగానే వెనక్కి తగ్గేదీ వాళ్లే. మిల్లులో ఆడపిల్లకు మరుగుదొడ్డి ఉండదు. సాయంత్రం ఆరు దాటాక క్యాంపుకు బస్సు ఉండదు. ‘పెళ్లి కావాల్సిన పిల్ల, మిల్లులో పనేంటి?’ అని ఇంట్లో అడ్డు చెబుతారు. పని అనుభవాన్ని పాఠంలో కలిపేటప్పుడు బ్యాంకు, సహకార సంఘం, ఆసుపత్రి, పంచాయతీ కార్యాలయం లాంటి చోట్లను కూడా లెక్కలోకి తీసుకోకపోతే, బస్సు వేళలు చూసి పని గంటలు పెట్టకపోతే, ఆ సెమిస్టర్ సగం తరగతికి శిక్షే అవుతుంది.

భాష విషయంలో ఈ ప్రాంతపు పిల్లలకున్న కలిమిని విశ్వవిద్యాలయం ఇంతవరకు లెక్కలోకే తీసుకోలేదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో ఉర్దూ కలిసిన హిందీ, కాలేజీ పుస్తకంలో ఇంగ్లిషు. క్యాంపు పిల్లవాడు నాలుగు భాషల్లో బేరమాడగలడు, ఒక్క భాషలోనూ బ్యాంకు మేనేజర్‌కు తప్పుల్లేని ఉత్తరం రాయలేడు. కన్నడంలో రాయడం రాకపోతే 371(జె) తలుపు ఎంత తెరిచి ఉన్నా లోపలికి వెళ్లలేడన్నది తెలుగు తల్లిదండ్రులూ గ్రహించాలి. విత్తన కంపెనీకి కావాల్సింది గద్వాల రైతుతో తెలుగులో, లింగసుగూరు రైతుతో కన్నడంలో మాట్లాడి, రాత్రికి ఇంగ్లిషులో నివేదిక పంపే మనిషి. అనువాదం, నివేదిక రచన రెండు సెమిస్టర్ల పేపరుగా పెడితే ఖర్చేమీ కాదు. మిగతా జిల్లాల పిల్లలకు లేని అర్హత మనవాళ్లకు పుట్టుకతోనే ఉంది.

విశ్వవిద్యాలయం మిల్లులకు గుమాస్తాలను తయారుచేసే కార్ఖానా కాదని పెద్దలు అంటారు. నిజమే. చరిత్ర, సాహిత్యం, తత్త్వం చదివిన మనిషి సమాజానికి అవసరం. యజమానులు ఏదడిగితే అదే పాఠంగా పెడితే రేపు ఆ యంత్రం మారగానే పట్టభద్రుడు మళ్లీ రోడ్డున పడతాడు. కానీ తేమ లెక్కలో ఉన్నది భిన్నాల గణితం. 26 కిలోల సంచిలో ఉన్నది చట్టానికీ వ్యాపారానికీ మధ్య నడిచే దాగుడుమూతలు. పహాణీలో ఉన్నది నిజాం కాలం నుంచి నేటిదాకా వచ్చిన భూమి చరిత్ర. ఊరి బతుకు పాఠంలోకి వస్తే చదువు లోతు తగ్గుతుందనే భయం దేనికో అర్థం కాదు. లోతు తగ్గించింది గైడ్లు.

కర్ణాటక ప్రభుత్వం 2024 జనవరిలో యువనిధి మొదలుపెట్టింది. డిగ్రీ పూర్తయి ఆర్నెల్లు గడిచినా పని దొరకని వారికి నెలకు మూడు వేల రూపాయలు, గరిష్ఠంగా రెండేళ్లపాటు. అంటే ఒక్కో నిరుద్యోగ పట్టభద్రుడిపై 72 వేల రూపాయలు ఖర్చు చేయడానికి సర్కారు సిద్ధపడింది. డిగ్రీ తర్వాత భృతిగా ఇచ్చే ఆ సొమ్ములో కొంత భాగాన్ని డిగ్రీ చివరి ఏడాదిలోనే, పనిలో పెట్టుకునే సంస్థ వాటాతో కలిపి స్టైపెండుగా ఇవ్వాలి. యరగేరలోని విశ్వవిద్యాలయం ప్రతి సబ్జెక్టు మండలిలో జిల్లా మిల్లర్లలో ఒకరిని, సహకార బ్యాంకు మనిషిని, రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి ఒకరిని, కనీసం ఒక తాలూకా కాలేజీ అధ్యాపకుడిని కూర్చోబెట్టాలి. ప్రతి పేపరులో అయిదో వంతును స్థానిక అంశాలతో నింపుకొనే స్వేచ్ఛ అనుబంధ కాలేజీకి ఇవ్వాలి. వీటికి కొత్త భవనాలు అక్కర్లేదు, ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు. మూడేళ్ల డిగ్రీలో 2024లో చేరిన మొదటి బ్యాచ్ గడువు 2027తో ముగుస్తుంది. వారి వెనుక చేరినవారికైనా తేమ మీటరు ల్యాబ్ బల్ల మీదకు వస్తుందా అన్నది విశ్వవిద్యాలయమే చెప్పాలి.